తక్కువ ర్యామ్‌లో సోర్స్ నుంచి కంపైల్: జాబ్‌లు తగ్గించాలా, స్వాప్ పెట్టాలా, జెడ్‌ర్యామా, వేరే మెషీనా - ఏది మేలు?

మా అక్క కొడుకు వేసవి సెలవులకి చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చి, మా ఇంట్లో ఓ మూలనున్న పాత ల్యాప్‌టాప్ తీసి, ఓపెన్‌సీవీ అనే కంప్యూటర్ విజన్ లైబ్రరీని సోర్స్ నుంచి కంపైల్ చేస్తానని కూర్చున్నాడు. 4 జీబీ ర్యామ్, రెండు కోర్‌లు నాలుగు థ్రెడ్‌ల ఐ3, లోపల తిరిగే హార్డ్‌డిస్క్. వాడు మేక్‌కి (ఫైళ్ళన్నిటినీ కంపైలర్‌కి అందించే ప్రోగ్రామ్), ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే మైనస్ జె ఆప్షన్ ఇచ్చాడు గానీ పక్కన అంకె వేయలేదు. అంకె లేకపోతే మేక్‌కి హద్దనేదే ఉండదు, దొరికిన పనులన్నీ ఒకేసారి మొదలుపెట్టేస్తుంది. కాసేపటికే మౌస్ బాణం కదలడం మానేసింది, హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది, నమ్‌లాక్ నొక్కినా దాని లైటు మారలేదు.

"మామా, హ్యాంగ్ అయిపోయింది. పవర్ బటన్ నొక్కేసేదా?"

"ఉండు నాయనా, ఒక్క నిమిషం చూద్దాం" అన్నాను. మరో పది నిమిషాలకి స్క్రీన్ తిరిగొచ్చింది, సీసీవన్‌ప్లస్ కిల్ అయిందని ఒక లైను, దాని కింద బిల్డ్ ఆగిపోయిందని ఇంకో లైను.

ఈ లైను చూసి చాలామంది కోడ్‌లో తప్పుందనుకుని వెర్షన్లు మార్చి మార్చి చూస్తారు, రెండు రోజులు వృథా అవుతాయి. కోడ్‌లో ఏ తప్పూ లేదు. సీసీవన్‌ప్లస్ అంటే జీ ప్లస్ ప్లస్ కంపైలర్ లోపల అసలు కంపైల్ పని చేసే ప్రాసెస్, ఒక్కో సీ ప్లస్ ప్లస్ ఫైల్‌కి ఒకటి లేస్తుంది. టెంప్లేట్లు ఎక్కువున్న ఫైల్ తగిలితే అదొక్కటే 1 జీబీ దాటి తినగలదు. ర్యామ్ నిండిపోయి ఇంక చోటు లేనప్పుడు లినక్స్ కెర్నెల్ ఎవరో ఒకరిని చంపి మిగతావాళ్ళని బతికిస్తుంది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూడండి, ఔట్ ఆఫ్ మెమరీ అని అక్కడ రాసి ఉంటే అనుమానమే అక్కర్లేదు.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. దర్శనానికని చుట్టాలు వస్తూనే ఉంటారు. రెండు గదుల ఇంట్లో ఒక కుటుంబం వెళ్ళాక ఇంకో కుటుంబం వస్తే ఏడాది పొడుగునా నడుస్తుంది, నాలుగు కుటుంబాలూ ఒకే రాత్రి దిగితే మాత్రం కాలు పెట్టడానికి చోటుండదు. కంపైల్‌లోనూ ఒకే సమయానికి ఎన్ని సీసీవన్‌ప్లస్‌లు లోపలున్నాయన్నదే లెక్క.

అందుకే నా మొదటి ఓటు జాబ్‌లు, అంటే మేక్ ఒకేసారి నడిపే పనులు, తగ్గించడానికే. ఖర్చు లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ డిస్ట్రో జెంటూ హ్యాండ్‌బుక్ ఒక్కో జాబ్‌కి 2 జీబీ ర్యామ్ ఉండాలని లెక్క చెబుతుంది, ఆ లెక్కన 4 జీబీకి రెండే, బ్రౌజర్ తెరిచి పెట్టుకుంటే ఒకటే. "ఒక్క జాబ్‌తో అయితే రేపటికి కూడా అవదు మామా" అన్నాడు వీడు. అందరూ అక్కడే పొరబడతారు. నాలుగు జాబ్‌లు పెట్టి డిస్క్ మీద కొట్టుకునే మెషీన్ కంటే ఒక్క జాబ్‌తో ర్యామ్‌లోనే నడిచే మెషీన్ ముందు పూర్తి చేస్తుంది. పైగా ఒకే అంకెకి కట్టుబడాల్సిన పని లేదు. రెండుతో మొదలుపెట్టండి, ఎక్కడైనా కిల్ అయితే అదే కమాండ్ ఒకటితో మళ్ళీ ఇవ్వండి, అయిపోయిన ఫైళ్ళ జోలికి మేక్ వెళ్ళదు, బరువైన ఫైళ్ళు దాటాక ఆపి మళ్ళీ రెండుకి పెంచుకోండి. మేక్ బదులు నింజా వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త: మీరు అంకె చెప్పకపోతే నాలుగు థ్రెడ్‌ల మెషీన్‌లో అది తనంతట తానే ఆరు జాబ్‌లు పెడుతుంది.

ఇక డిస్క్ మీద స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో కొంత చోటుని ర్యామ్‌లా వాడుకోవడం. 4 జీబీ ఫైల్ ఒకటి చేసి, రూట్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 పెట్టి, మేక్‌స్వాప్, స్వాప్‌ఆన్ కొడితే అయిపోతుంది, రీబూట్ అయ్యాక కూడా ఉండాలంటే ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక లైను రాయాలి. అందరూ ముందు చెప్పే సలహా ఇదే, నేను మాత్రం మూడో స్థానంలోనే పెడతాను. చుట్టాలని బస్టాండు దగ్గర లాడ్జిలో దింపడం లాంటిది ఇది. రాత్రి పడుకోవడానికి వెళ్ళి పొద్దున వస్తే బాగుంటుంది, కాఫీకి ఒకసారి టిఫిన్‌కి ఒకసారి ఇంటికీ లాడ్జికీ తిరుగుతుంటే రోజంతా ఆటోలోనే గడిచిపోతుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన బ్రౌజర్ ట్యాబ్‌లు స్వాప్‌లోకి వెళ్తే మంచిదే, చివర్లో కంపైల్ అయిన ముక్కలన్నీ కలిపే లింకింగ్ అప్పుడు కాసేపు ర్యామ్ ఎక్కువ కావాల్సి వస్తే అప్పుడూ ఆదుకుంటుంది, కానీ రెండు కంపైలర్లూ అదే పనిగా వాడుతున్న మెమరీ స్వాప్‌లో పడితే మేము చూసిన ఆ ఆరని లైటే మిగులుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే నయం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌లో ఎస్‌డీ కార్డ్ మీద పెద్ద స్వాప్ పెట్టడం నాకసలు ఇష్టం లేదు, నెమ్మదికి తోడు కార్డ్ అరిగిపోతుంది.

జెడ్‌ర్యామ్ పద్ధతి వేరు. చుట్టాలని బయటికి పంపకుండా, వాడని పరుపులు చుట్టి అటకెక్కించి చోటు చేసుకోవడం. వాడని మెమరీ పేజీలని కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది, డిస్క్‌ని ముట్టుకోదు. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి లినక్స్‌లోనే ఉంది, 2020లో ఫెడోరా 33 దీన్నే మామూలు స్వాప్‌గా పెట్టేసింది. సాధారణంగా రెండు మూడు రెట్లు కుదురుతుంది. కుదించే పద్ధతిగా జెడ్‌స్టాండర్డ్ ఎంచుకుంటే ఇంకాస్త గట్టిగా కుదిస్తుంది, ఎల్‌జెడ్4 అయితే త్వరగా పని కానిస్తుంది. ఊరికే మాత్రం రాదు, ఆ కుదించే పని ప్రాసెసరే చేయాలి, కుదించినవి కూడా ర్యామ్‌లోనే కూర్చుంటాయి కాబట్టి 2 జీబీ జెడ్‌ర్యామ్ నిండితే ముప్పావు నుంచి ఒక జీబీ దాకా దానికే పోతుంది. అయినా తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్ళకి స్వాప్ కంటే ఇదే మేలు అని నేను గట్టిగా చెబుతాను. రెండూ పెట్టుకోవచ్చు, జెడ్‌ర్యామ్‌కి ప్రయారిటీ ఎక్కువ ఇస్తే ముందు అది నిండాకే డిస్క్ దగ్గరికి వెళ్తుంది.

ఫ్రెండ్ దగ్గర 16 జీబీ మెషీన్ ఉంటే అక్కడే కంపైల్ చేసి తెచ్చుకోవడం అన్నిటికన్నా సుఖం, కానీ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఆ మెషీన్ ప్రాసెసర్‌కే సరిపోయేలా కట్టే మార్చ్ నేటివ్ ఆప్షన్‌తో కొత్త ప్రాసెసర్ మీద కట్టింది పాత ల్యాప్‌టాప్‌లో ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోవచ్చు, కొత్త జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు ఆధారపడే సీ లైబ్రరీ) ఉన్న సిస్టమ్‌లో కట్టింది పాత సిస్టమ్‌లో లేవకపోవచ్చు. అందుకని మీ డిస్ట్రో, మీ వెర్షనే ఒక కంటైనర్‌లో పెట్టి అందులో కట్టండి. డిస్ట్‌సీసీతో నెట్‌వర్క్ మీద పని పంచుకోవచ్చు, అయితే అది కంపైల్ వరకే పంచుతుంది, లింకింగ్ మళ్ళీ మీ చిన్న మెషీన్ మీదే పడుతుంది.

అసలు కంపైల్ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌లో ఓపెన్‌సీవీ కట్టినది కట్టినట్టు దొరుకుతుంది. ఏళ్ళ తరబడి అన్నీ సోర్స్ నుంచే కట్టుకొమ్మన్న జెంటూ కూడా 2023 డిసెంబర్‌లో రెడీమేడ్ ప్యాకేజీలు విస్తృతంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మావాడికి ప్రాజెక్ట్ కోసం లోపలి ఫంక్షన్ ఒకటి మార్చి చూడాలి, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు నేను వాణ్ణి అడిగిన ప్రశ్న ఒకటే: "నీకు మొత్తం కావాలా?" అక్కర్లేదు. బిల్డ్ ఎలా జరగాలో సెట్ చేసే సీమేక్‌లో బిల్డ్ లిస్ట్ అనే ఆప్షన్‌కి కోర్, ఇమ్‌జీప్రాక్ లాంటి కావాల్సిన మాడ్యూళ్ళ పేర్లు మాత్రం ఇచ్చి, టెస్టులు, పెర్ఫ్ టెస్టులు, ఉదాహరణలు ఆఫ్ చేసి, డీబగ్ బదులు రిలీజ్ పెట్టాం. డీబగ్ సమాచారం లేకపోతే లింకర్‌కి బరువు బాగా తగ్గుతుంది. ఎల్‌ఎల్‌విఎమ్ (కంపైలర్ల ప్రాజెక్ట్) లాంటి పెద్దవి కట్టేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, అందులో నింజాతో కడితే లింక్ జాబ్‌లని విడిగా ఒకటికి కట్టేసే ఆప్షన్ కూడా ఉంది.

ఇవన్నీ పెట్టి, జెడ్‌ర్యామ్ 2 జీబీ, దాని వెనక 4 జీబీ స్వాప్ ఫైల్, బ్రౌజర్ మూసేసి, రెండు జాబ్‌లతో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మౌస్ ఆడుతూనే ఉంది, హార్డ్‌డిస్క్ లైటు అప్పుడప్పుడూ మిణుకుమంటోంది. మధ్యాహ్నం ఎండకి కరెంటు పోయింది, ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, స్క్రీన్ నల్లబడగానే వాడి ముఖం వాడిపోయింది. కరెంటొచ్చాక మేక్ కొడితే ఆగిన చోటు నుంచే సాగింది గానీ లింకింగ్ దగ్గర ఒక ఆబ్జెక్ట్ ఫైల్‌ని గుర్తించలేకపోతున్నానని ఎర్రర్ ఇచ్చింది. చూస్తే దాని సైజు సున్నా, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైల్ అది. సున్నా సైజు ఫైళ్ళు ఇంకేమైనా ఉన్నాయేమోనని వెతికించాను, ఇంకొకటి దొరికింది. ఆ రెండూ తీసేసి మళ్ళీ మేక్ కొడితే ఆ రెండింటినే కంపైల్ చేసుకుని లింకింగ్ పూర్తి చేసింది.