ఏఏ మీటింగులు: కొన్నేళ్లు వెళ్లాక నా రివ్యూ

మందు మానాలంటే ఆ మీటింగులు పనిచేస్తాయా, ఎక్కడ జరుగుతాయి, ఎలా వెళ్లాలి అని ఫోన్లు చేసేవాళ్లు ఎక్కువయ్యారు, అందరికీ ఒకసారే రాసేస్తే పోతుంది కదా అని ఇది. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా వెళ్తున్నాను, మధ్యలో ట్రాన్స్‌ఫర్ మీద జిల్లాకి పోయినప్పుడు ఆన్‌లైన్‌లో కూర్చున్నాను. ఐదుకి నాలుగు ఇస్తా. కాకపోతే మీకు ఏ గ్రూపు దొరికిందన్న దాన్ని బట్టి అది రెండూ కావచ్చు, ఐదూ కావచ్చు.

ముందు వెతకడం గురించి. ఇంటికి దగ్గర్లో ఉన్నదే కావాలని పట్టుబట్టకండి. మా వీధి చివరే ఒకటుంది, నేను వెళ్లను, గేటు దగ్గర ఎదురింటాయన కనబడి "ఏంటి సార్ ఇటు?" అంటే ఏం చెప్పాలో అన్న టెన్షన్‌తో లోపల ఒక్క మాటా ఎక్కదు. మెట్రో ఎక్కి వేరే ఏరియాకి వెళ్తాను, హాయిగా ఉంటుంది. నెట్‌లో కనబడే లిస్టుల్లో కొన్ని అడ్రసులు పాతవి, ఒకసారి నేను వెళ్లేసరికి ఆ గదిలో టైలరింగ్ క్లాసు నడుస్తోంది. కాబట్టి ముందు ఫోన్ చేయండి. ఈ వారం ఉందా, ఏ గదిలో, ఏ భాషలో, ఓపెన్ మీటింగా క్లోజ్డా అని అడగండి. ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే.

భాష చిన్న విషయం అనుకోకండి. ఇంగ్లిష్ మీటింగులో ఇంటర్వ్యూకి వెళ్లినట్టు పద్ధతిగా మాట్లాడి వచ్చేవాణ్ణి. మా నాన్న దశదినకర్మ రోజు కూడా తాగి పంక్తిలో కూర్చున్నానన్న సంగతి మాత్రం తెలుగు గ్రూపుకి మారాకే నోట్లోంచి వచ్చింది.

చాలా గ్రూపులు చర్చి ఆవరణలోనో బడి గదిలోనో జరుగుతాయి, అద్దె తక్కువని. మా అమ్మ "మతంలో కలిపేస్తారేమోరా" అని కొన్నాళ్లు నిద్రపోలేదు. అలాంటిదేం లేదమ్మా అని చెప్పడానికి ఆవిణ్ణి ఓపెన్ మీటింగుకి తీసుకెళ్లాల్సొచ్చింది. తాగుడు మానడానికి ఏఏ వాళ్లు పాటించే 12 మెట్లలో దేవుడి మాట ఉన్న మాట నిజమే, కానీ ఎవరికి అర్థమైన రూపంలో వాళ్లకి అని అక్కడే రాసుంది. మా గ్రూపులో నామం పెట్టుకొచ్చేవాళ్లున్నారు, నమాజు చేసుకుని వచ్చేవాళ్లున్నారు, దేవుడే లేడని వాదించేవాళ్లూ ఉన్నారు.

లోపల ఏముంటుంది? ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న కప్పుల్లో టీ. ఒక్కొక్కరూ పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అని మొదలుపెడతారు, అవతలివాళ్లు వింటారు, మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహా ఇవ్వరు. మన దగ్గర తాగేవాడికి బామ్మర్ది మొదలుకుని వాచ్‌మన్ దాకా అందరూ సలహాదారులే, అందుకే మొదటిసారి ఆ మౌనం వింతగా ఉంటుంది. ఫీజు లేదు. ఒక సంచి తిరుగుతుంది, పదో యాభయ్యో ఇష్టమైతే వేస్తారు, బయటివాళ్ల విరాళం తీసుకోరు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరూ ఒక డాక్టరూ, ఇద్దరూ తాగుబోతులే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో మొదలైంది, ఇప్పటికీ జరిగేది అదే.

నాకు ఉపయోగపడిందెక్కడో చెప్తా. మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది, శబరిమల నుంచి వచ్చిన వారానికి వైన్స్ దగ్గర కనబడతారు. మానడం వాళ్లకీ వచ్చు. 42వ రోజు సాయంత్రం ఆరింటికి ఎక్కడికి పోవాలో తెలియదు, అంతే. నాకు ఆ టైముకి వెళ్లడానికి ఒక గది ఉంది, రాకపోతే ఫోన్ చేసే స్పాన్సర్ ఉన్నాడు, అంటే నాకంటే ముందు మానేసి నాకు తోడుగా ఉండే పాత సభ్యుడు. మా డాక్టర్ ఫ్రెండ్ ఇదంతా భజన అని తీసిపారేసేవాడు. 2020లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు కలిపి చూసి, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ వైపు నడిపించే పద్ధతి ఇతర చికిత్సల కంటే మెరుగ్గా ఉందని తేల్చారు, అది పంపించాక కాస్త తగ్గాడు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు దేనికంటే, ఒక గ్రూపులో సీనియర్ ఒకాయన కొత్తగా వచ్చిన కుర్రాడికి డిప్రెషన్ మాత్రలు ఆపెయ్యమని చెప్పాడు. సభ్యులెవరూ డాక్టర్ అవతారం ఎత్తొద్దని ఏఏ కరపత్రంలోనే ఉంది, అయినా చెప్పేవాళ్లు చెప్తూనే ఉంటారు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, దానికి మీటింగు కాదు, ఆస్పత్రి కావాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది, ఎవర్ని అడగాలో తెలియకపోతే మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అనే ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరుంది. తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపే మందు మాన్పించే మాత్రల జోలికి మాత్రం పోకండి, దాని మీద తాగితే గుండెకే ప్రమాదం.

ఆడవాళ్లకి నేను చూసిన మీటింగులు అంత సుఖంగా ఉండవు, గది నిండా మగవాళ్లే. ఆన్‌లైన్‌లో ఆడవాళ్లకే విడిగా జరిగేవి ఉన్నాయి, వాటితో మొదలుపెడితే నయం. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరేగా ఉంది, 1951 నుంచీ నడుస్తోంది, మా ఆవిడ నాకంటే క్రమం తప్పకుండా వెళ్తుంది. తాగే మనిషి మానేదాకా ఆగాలన్న రూలు అక్కడ లేదు, ఆయన ఇంకా తాగుతున్నా మీరు వెళ్లొచ్చు.