ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎక్స్‌పీ కమాండ్‌షెల్: ఏళ్లుగా వాడాక నా మాట

డేటాబేస్ లోపల్నుంచి విండోస్ కమాండ్ నడపాలంటే అందరూ ముందు పట్టుకునేది ఎక్స్‌పీ కమాండ్‌షెల్ (xp_cmdshell) అనే ఈ సదుపాయాన్నే, నేనూ బ్యాకప్ ఫైళ్లు వేరే సర్వర్‌కి కాపీ కొట్టడానికి, ఫోల్డర్‌లో కొత్త సీఎస్‌వీ వచ్చిందో లేదో చూసుకోడానికి, పాతవి జిప్ చేయడానికి దీంతోనే లాక్కొచ్చా. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ పని ఎవరి పేరు మీద జరుగుతోంది అన్నదగ్గరే అసలు పేచీ అంతా.

2005 వెర్షన్ నుంచి ఇది ఆఫ్‌లోనే వస్తుంది. ఆఫ్‌లో ఉందిగా, భయం లేదు అంటారు చాలామంది, అది గడియ పెట్టి తాళం వేశాననుకోవడమే, సిస్‌అడ్మిన్ (సర్వర్ మీద పూర్తి హక్కులు) చేతికొచ్చినోడు సెట్టింగులు మార్చే ఎస్‌పీ కన్ఫిగర్‌తో క్షణంలో ఆన్ చేస్తాడు. 2002లో స్పైడా అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) ఎస్‌ఏ అనే ప్రధాన లాగిన్‌కి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన సర్వర్లలోకి దూరి ఈ కమాండ్‌షెల్‌నే వాడుకుంది.

సిస్‌అడ్మిన్ పిలిస్తే కమాండ్ సర్వీస్ అకౌంట్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ నడిచే విండోస్ అకౌంట్) పేరు మీద నడుస్తుంది, మిగతావాళ్లు పిలిస్తే వాళ్ల బదులుగా మనం పెట్టిన ప్రాక్సీ అకౌంట్ మీద. ఒక చోట చూశా, సర్వీస్ అకౌంటేమో డొమైన్ అడ్మిన్ (నెట్‌వర్క్ అంతటి మీదా హక్కున్నది), అప్లికేషన్ లాగినేమో సిస్‌అడ్మిన్, ఇంక ఆ వెబ్ పేజీలో ఒక్క ఇంజెక్షన్ సందు (బయటివాడు తన కమాండ్ దూర్చే వీలు) దొరికితే చాలు నెట్‌వర్క్ మొత్తం పోయినట్టే. మీ దగ్గర ఎలా ఉందో తెలియాలంటే ముందు మీ లాగిన్‌తో, తర్వాత అప్లికేషన్ లాగిన్‌తో కనెక్టయి, ఎవరి పేరు మీద నడుస్తోందో చెప్పే 'హూయామై' (whoami) కమాండ్‌ని కమాండ్‌షెల్ ద్వారా కొట్టండి, రెండు పేర్లూ ఒకటే వస్తే ఆ రోజు వేరే పనులు పక్కన పెట్టండి.

ప్రాక్సీ పెట్టుకున్నాక తలనొప్పులు వేరే. ఎర్రర్‌లో 1326 అని వస్తే యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు, సాధారణంగా ఎవరో పాస్‌వర్డ్ మార్చి చెప్పకుండా ఊరుకుని ఉంటారు, 1385 అయితే ఆ అకౌంట్‌కి బ్యాచ్ జాబ్‌గా లాగినయ్యే హక్కు ఇవ్వలేదని. మీరు మ్యాప్ చేసుకున్న డ్రైవ్ లెటర్లు దానికి కనబడవు, షేర్ పాత్ పూర్తిగా ఇవ్వాల్సిందే. ఇంక "ఓవర్‌రైట్ చేయాలా?" అని అడిగే ప్రోగ్రామ్ ఏదైనా పిలిచారా, జవాబు చెప్పేవాళ్లు లేక అది అలాగే కూర్చుంటుంది, కిల్ కొట్టినా సెషన్ పోదు, టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రాసెస్‌ని ఆపాల్సిందే.

యూజర్ టైప్ చేసిన ఫైల్ పేరుని స్ట్రింగ్‌లో అతికించి దీనికి ఇవ్వడం మాత్రం ఎంత అర్జెంటైనా చేయొద్దు, పేరు మధ్యలో ఒక్క అండ్ గుర్తు (&) పెట్టి రెండో కమాండ్ దూర్చేయొచ్చు. నేనైతే ప్రొసీజర్‌కి (డేటాబేస్‌లో దాచుకున్న కోడ్‌కి) ఐడీ నంబర్ మాత్రమే తీసుకుని పాత్‌ని టేబుల్లోంచి తెచ్చుకుంటా.

ఇప్పుడు నా పనులు చాలావరకు ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో వచ్చే షెడ్యూలర్ అయిన ఏజెంట్ జాబ్‌లోకి మార్చేశా, కమాండ్ స్టెప్‌కి 'రన్ యాజ్'లో ఆ ఒక్క ఫోల్డర్ మీదే హక్కున్న ప్రాక్సీ పెట్టి. ఎప్పుడు నడిచింది, ఎందుకు ఫెయిలైంది అన్నీ హిస్టరీలో ఉంటాయి. ఒకటే ఇబ్బంది, స్టార్ట్ జాబ్ కొడితే అది మొదలుపెట్టి వెంటనే తిరిగొచ్చేస్తుంది, ఫలితం కోసం ఆగదు, అప్పటికప్పుడు అవుట్‌పుట్ కావాల్సిన చోట మాత్రం ఇంకా కమాండ్‌షెలే వాడుతున్నా.

అందుకే కమాండ్‌షెల్‌కి ఐదుకి మూడు మార్కులు. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వాళ్లకి ఏజెంట్ ఉండదు కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో బ్యాచ్ ఫైల్ పెట్టి, దాంట్లోంచే ఎస్‌క్యూఎల్‌సీఎండీ (sqlcmd) అనే కమాండ్ టూల్‌తో డేటాబేస్‌ని పిలుచుకోండి, కమాండ్‌షెల్ ఆన్ చేసే అవసరమే రాదు.