ద్వారకానగర్‌లో ఓఈటీ రైటింగ్ క్లాస్: నా అనుభవం

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ద్వారకానగర్ సందుల్లోకి నడిస్తే అన్నీ కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఇది అలాంటిది కాదు, బోర్డు కూడా లేదు, ఒక మేడమ్ తన ఇంటి పై గదిలో చెప్తారు. నేను స్టాఫ్ నర్సుని, గాజువాక నుంచి మూడు నెలలు వెళ్లాను. ఓఈటీ అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్ల లాంటివాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష. దాని రైటింగ్‌లో మొదటిసారి 500కి 290 దగ్గర ఆగిపోయినదాన్ని, ఈసారి 350 వచ్చింది.

తెలియనివాళ్ల కోసం: పేషెంట్ కేస్ నోట్స్ ఇచ్చి 45 నిమిషాల్లో లెటర్ రాయమంటారు, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే. లెటర్‌లో అసలు విషయం సుమారు 180 నుంచి 200 పదాలు ఉండాలంటారు.

అంతకుముందు నేను చేరిన ఒక పెద్ద సెంటర్‌లో వారానికి మూడు లెటర్లు రాయించేవారు. తిరిగొచ్చిన పేపర్ మీద ఒక మార్కు, కింద 'ఇంప్రూవ్ గ్రామర్' అనే ముక్క, అంతే. ఏ గ్రామర్? ఎక్కడ? చెప్పే నాథుడు లేడు. తర్వాత ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే అది అన్నీ దిద్దేసి ఇచ్చేది, నేను ఓసారి చూసి వదిలేసేదాన్ని, మళ్లీ లెటర్‌లో మళ్లీ అదే తప్పు.

ఇక్కడ మొదటి లెటర్‌లో 'ద పేషెంట్ ఈజ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని రాశాను. వార్డులో అందరం అలాగే అంటాం. మేడమ్ దాన్ని దిద్దలేదు. 'ఈజ్ హ్యావింగ్' కింద ఒక గీత, 'సిన్స్' కింద ఒక గీత గీసి, పక్కన పెన్సిల్‌తో తెలుగులో 'మూడు రోజులంటే మొదలైన రోజా, గడిచిన కాలమా?' అని రాశారు. చాలాసేపు ఆ పేపర్ పట్టుకుని కూర్చున్నాను. మనం 'మూడు రోజుల నుంచి జ్వరం' అంటాం కదా, ఆ 'నుంచి'నే నేను సిన్స్ చేసేశానని అప్పుడు వెలిగింది. 'హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అని నా చేత్తో నేనే రాసుకున్నాను, ఆ తప్పు మళ్లీ చేయలేదు.

ఇంకో సంగతి, ఒక లెటర్‌లో ఒకటి రెండు రకాల తప్పులే పట్టుకుంటారు. రెండు వారాలపాటు నావి 'ఎ', 'ద' మాత్రమే చూశారు, ఎందుకంటే తెలుగులో అవి లేవు, మనకి అసలు కనపడవు. మిగతావి ఎందుకు వదిలేశారు మేడమ్, ఫీజు కట్టాం కదా అని అడిగేశాను. విసుక్కోకుండా చెప్పారు: గ్రామర్ దిద్దడం దండగ, మానేయండి అని జాన్ ట్రస్కాట్ అనే భాషాబోధన పరిశోధకుడు 1996లో రాస్తే డానా ఫెరిస్ అనే ఇంకో పరిశోధకురాలు 1999లో గట్టిగా జవాబిచ్చారట, ఆ తర్వాత న్యూజిలాండ్‌లో జాన్ బిచెనర్ వాళ్లు 'ఎ', 'ద' ఒక్కటే తీసుకుని దిద్ది చూస్తే ఆ నేర్చుకున్నది నెలల తర్వాత కూడా నిలిచిందట. పేపరంతా ఎర్రగా చేస్తే నువ్వు ఒక్కటీ చదవవు అన్నారు. నిజమే, నేను చదివేదాన్ని కాదు.

గ్రామర్ ఒక్కటే కూడా కాదు. ఫిజియోథెరపిస్ట్‌కి రాసే లెటర్‌లో పేషెంట్ పాత అపెండిక్స్ ఆపరేషన్ గురించి రెండు వాక్యాలు రాస్తే, పక్కన 'ఇది ఆయనకెందుకు?' అని ప్రశ్న. ఆ ప్రశ్న పరీక్ష హాల్లో కూడా నా చెవిలో వినిపించింది.

బాగోలేనివి కూడా చెప్పాలి. బ్యాచ్ నిండితే పేపర్లు ఐదారు రోజులకి గానీ రావు, ఈలోపు మనం ఏం ఆలోచించి రాశామో మర్చిపోతాం, ఇది మాత్రం మేడమ్ మార్చుకోవాలి. స్పీకింగ్ చెప్పరు. పాత లెటర్ తిరగరాసి చూపించేదాకా కొత్తది ఇవ్వరు కాబట్టి పరీక్ష రెండు వారాల్లో ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు.

నైట్ డ్యూటీ ఉన్నవాళ్లు ఆదివారం బ్యాచ్ అడగండి. వెళ్లేటప్పుడు మీ పాత లెటర్లు ఎంత అధ్వానంగా ఉన్నా పట్టుకెళ్లండి, మేడమ్ మొదట అడిగేది అవే.