గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు: ముప్పై వేల కిలోమీటర్లు దాటాక

బరువైన టూరింగ్ బైకుకు వెనక కారు టైరు వేశానంటే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఘాట్‌లో జారిపోదా?" జారలేదు. ఏలగిరి ఎక్కాను, హార్సిలీ హిల్స్ ఎక్కాను, పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో వర్షంలో దిగాను. అక్కడ పెద్ద ఇబ్బందేమీ రాలేదు. నన్ను నిజంగా ఏడిపించింది బెంగళూరులో మారతహళ్లి నుంచి మా ఇంటికి వెళ్లే రెండు కిలోమీటర్ల గల్లీ. ఈ టైరు గురించి నేను చెప్పాల్సింది చాలావరకు ఆ గల్లీ దగ్గరే ఉంది. కాకపోతే ఈ పని ఎందుకు చేశానో ముందు చెప్పాలి, లేకపోతే పిచ్చి ప్రయోగం అనుకుంటారు.

బండి హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800, 2018కి ముందు తరానిది. 1832 సీసీ, ఆరు సిలిండర్లు, పెట్రోలు నింపితే నాలుగు వందల కిలోల పైనే బరువు. దాని మీద నేను, మా ఆవిడ, మూడు పెట్టెల సామాను. ఈ బరువంతా మోసేది వెనక టైరే. దాని అసలు సైజు 180/60ఆర్16, అంటే వెడల్పు 180 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, రిమ్ము 16 అంగుళాలు. ఎక్కువగా హైవే మీదే తిరిగే బండి కాబట్టి పన్నెండు, పదమూడు వేల కిలోమీటర్లకే మధ్యలో గుండైపోయేది. పక్కలు మాత్రం కొత్తవాటిలా నిగనిగలాడేవి. అలా మధ్యలో చదునైన టైరుతో మలుపులో బండి ఒక్కసారిగా పక్కకు పడినట్టు వంగుతుంది. అంటే మోటార్‌సైకిల్ టైరు వేసుకున్నా దాని జీవితంలో సగం నేను చదును టైరు మీదే నడుపుతున్నాను.

అరిగితే కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. డబ్బు సంగతి తర్వాత, అసలు దొరకాలి కదా. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని 'స్వేచ్ఛ' జాబితా నుంచి 'పరిమితం' జాబితాలోకి మార్చింది. కార్లవీ, బస్సులవీ, మోటార్‌సైకిళ్లవీ అన్నీ అందులోకే వచ్చాయి. లైసెన్సు లేకుండా తెప్పించడం కుదరదు. మామూలు బైకుల టైర్లు ఇక్కడే తయారవుతాయి కాబట్టి వాళ్లకు ఫరవాలేదు. మా సైజు వాడే బండ్లు దేశంలో ఎన్ని ఉంటాయి? ఒక డీలరు నెలల తరబడి "వచ్చే వారం సార్" అన్నాడు. ఇంకొకాయన దగ్గర దొరికింది కానీ, తయారీ తేదీ చూస్తే కొనబుద్ధి కాలేదు.

జేసీ రోడ్డు పక్క సందులో టైర్ల షాపుకు వెళ్లి 195/55ఆర్16 కావాలని అడిగితే మాత్రం రెండు నిమిషాల్లో నాలుగు కంపెనీలవి తెచ్చి ముందు పెట్టారు. ఐ20 కారుకు వచ్చే సైజు అది. లెక్క వేసి చూడండి, అసలు టైరు మొత్తం ఎత్తు 622 మిల్లీమీటర్లు, దీనిది 621. స్పీడోమీటరు చూపించే వేగంలో తేడా ఏమీ ఉండదు. మోసే బరువు చూస్తే, అసలు టైరు లోడ్ ఇండెక్స్ 74 అంటే 375 కిలోలు. కారు టైరుది 87, అంటే 545 కిలోలు. ధర మూడో వంతు. అమెరికాలో గోల్డ్‌వింగ్ నడిపేవాళ్లు ఏళ్ల తరబడి ఇదే సైజు వేసుకుంటున్నారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'డార్క్ సైడ్'.

షాపులో పనిచేసే అతనిది మదనపల్లె వైపు. టైరు చూశాడు, నేను డిక్కీలో తెచ్చిన చక్రం చూశాడు. "సార్, ఇది కారుది. ఇది బండిది. తెలిసే చేస్తా ఉండారా?" అన్నాడు. తెలిసే అన్నాను. "మీరు సంతకం పెడితే ఎక్కిస్తా" అన్నాడు నవ్వుతూ, కానీ పెట్టించుకున్నాడు కూడా. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

అతని అనుమానంలో న్యాయం ఉంది. 195/55 కారు టైరును ఐదున్నర నుంచి ఏడు అంగుళాల వెడల్పు రిమ్ముకు తయారు చేస్తారు. గోల్డ్‌వింగ్ వెనక రిమ్ము ఐదు అంగుళాలే. టైరు అంచు, అంటే బీడ్, కూర్చునే గాడి ఆకారం కూడా బైకు రిమ్ముకు, కారు రిమ్ముకు ఒకటి కాదు. అందుకే మొదటిసారి గాలి పట్టినప్పుడు ఒక పక్క బీడ్ కూర్చుంది, రెండో పక్క కూర్చోలేదు. ఇలాంటప్పుడు ఇంకాస్త, ఇంకాస్త అంటూ గాలి పెంచుకుంటూ పోవడం ప్రమాదం, బీడ్ తెగితే మనిషి చేయి పోతుంది. అతను గాలి మొత్తం తీసేసి, సబ్బు నురగ మళ్లీ దట్టంగా పూసి, టైరును చుట్టూ తట్టి మళ్లీ పట్టాడు. ఈసారి టప్‌మని కూర్చుంది. ఇంట్లో సైకిలు పంపుతో చేసే పని కాదిది, బీడ్ మీద అనుభవం ఉన్న షాపులోనే చేయించాలి.

ఇరుకు రిమ్ము వల్ల ఒక లాభం కూడా ఉంది. టైరు పక్కల నుంచి నొక్కుకుని మధ్యలో కొంచెం ఉబ్బుతుంది. పూర్తి చదునుగా ఉండదు. వంగడానికి ఆ కొంచెం ఉబ్బు బాగా పనికొస్తుంది.

ఇక నడపడం. మోటార్‌సైకిల్ టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి బండి వంగే కొద్దీ రోడ్డును తాకే చోటు మెల్లగా పక్కకు జరుగుతుంది. కారు టైరు అలా జరగదు. అది రోడ్డు మీద చదునుగా నిలబడటానికే చూస్తుంది. మీరు వంచితే లోపలి వైపు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, నలుగుతుంది, బరువు లోపలి అంచు మీద పడుతుంది, టైరేమో బండిని నిలబెట్టాలని తోస్తూ ఉంటుంది. కాబట్టి మలుపులోకి వెళ్లేటప్పుడు ఒకసారి హ్యాండిల్ తోసి వదిలేస్తే చాలదు, మలుపు అయ్యేదాకా లోపలి పక్క హ్యాండిల్ మీద చేయి ఒత్తిడి తగ్గకూడదు. మొదటి వారం రోజులు భుజాలు నొప్పి పుట్టాయి. తర్వాత అలవాటైపోయింది.

ఏలగిరి కొండకు పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. వాటిలో కొన్నింటికి తమిళ కవుల పేర్లు పెట్టారు. అక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది, మలుపు ఎంత తిరుగుతుందో ముందే కనిపిస్తుంది. అలాంటి చోట చేత్తో ఎంత ఒత్తితే బండి అంత వంగింది, ఒకే గీతలో తిరిగింది. కాలు పెట్టుకునే ఫుట్‌పెగ్ నేలకు గీసుకునేదాకా వంచాను, టైరు వదల్లేదు. మొగిలి ఘాట్‌లో వానలో అయితే నాకు పాత టైరు కంటే ఎక్కువ ధైర్యంగా అనిపించింది. కారు టైరుకు నీళ్లు తోసే గాళ్లు లోతుగా ఉంటాయి, బ్రేకు వేస్తే వెనక పట్టు గట్టిగా ఉంటుంది. అయితే నిలవ నీటిలోకి వేగంగా వెళ్తే మాత్రం చదును టైరు గుండ్రటి టైరు కంటే ముందే నీటి మీద తేలుతుంది. హైవేలో నీళ్లు నిలిచిన వరస కనిపిస్తే యాక్సిలరేటర్ తగ్గించేస్తాను.

ఇప్పుడు మా గల్లీ.

బెంగళూరులో వైట్‌టాపింగ్ అని కాంక్రీటు రోడ్లు వేస్తారు కదా. పలకకు, పక్కన ఉన్న తారుకు మధ్య రెండు మూడు అంగుళాల ఎత్తు తేడా ఉంటుంది. ఆ అంచును ఏటవాలుగా దాటితే మోటార్‌సైకిల్ టైరు గుండ్రంగా దొర్లి ఎక్కేస్తుంది. కారు టైరుకు మాత్రం ఒక భుజం, అంటే పక్క అంచు, ముందు తగులుతుంది, వెంటనే నాలుగు వందల కిలోల బండిని రెండో పక్కకు ఒక తోపు తోస్తుంది. వేగం మీద ఉంటే బండి దానంతటదే నిలబడుతుంది కాబట్టి పట్టించుకోం. పది, పదిహేను కిలోమీటర్ల వేగంలో, ముందు ఆటో, పక్కన స్విగ్గీ కుర్రాడు, కాలు నేల మీద పెట్టాలా వద్దా అని ఆలోచించే సమయంలో ఆ తోపు వస్తే గుండె నోట్లోకి వస్తుంది. స్పీడ్ బ్రేకర్‌ను కొంచెం వంకరగా ఎక్కినా ఇదే కథ. మధ్యలో ఎత్తుగా ఉండి పక్కలకు వాలిన పాత రోడ్డయితే, బండి ఎప్పుడూ మురికి కాలువ వైపే పోతానంటుంది.

సిల్క్‌బోర్డ్ దగ్గర, మెట్రో పనుల చుట్టూ, లారీలు నడిచి నడిచి గాళ్లు పడిన హోసూరు రోడ్డు ఎడమ వరసలో ఇది ఇంకా తెలుస్తుంది. టైరు గాడి వెంబడి పట్టాల మీద రైలులా పోతుంది. లేన్ మారాలంటే గట్టిగా తోయాలి. ఫ్లైఓవర్ కింద యూ టర్న్ నాకు ఇప్పటికీ టెన్షనే. మా ఆవిడ వెనక కూర్చుని ఉంటే యూ టర్న్ మానేసి ఇంకో కిలోమీటరు ముందుకెళ్లి పెద్ద సర్కిల్లో తిప్పుకుని వస్తాను. ఆమెకు ఇది అలవాటైపోయి "ఈ టైరుకు పెట్రోలు ఖర్చు కూడా లెక్కేశారా?" అంటుంది.

గాలి ఒత్తిడితో దీన్ని కొంత సరిచేసుకోవచ్చు. అసలు టైరుకు వెనక 41 పీఎస్ఐ అని హోండా చెబుతుంది. కారు టైరులో అంత పెడితే బండి బంతిలా ఎగురుతుంది, ప్రతి గుంటా నడుముకు తెలుస్తుంది, వంచడం కూడా కష్టం. 28కి దించితే మెత్తగా ఉంటుంది కానీ మలుపులో వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. నేను ఒక్కడినే అయితే 32, ఇద్దరం, సామాను ఉంటే 36 దగ్గర స్థిరపడ్డాను. చల్లగా ఉన్నప్పుడు చూసి, రెండు గంటలు నడిపాక మళ్లీ చూసుకోవాలి. నాలుగు పీఎస్ఐ కంటే ఎక్కువ పెరిగితే తక్కువ గాలితో టైరు నలిగి వేడెక్కుతోందని నా లెక్క. వాల్వ్ మూతకు బిగించే చిన్న సెన్సరు ఒకటి కొనుక్కున్నాను, దానికి పెట్టిన డబ్బు మాత్రం దండగ కాలేదు.

చెన్నైలో ఇదే బండి ఉన్న స్నేహితుడు రన్‌ఫ్లాట్ వేయించాడు. మినీ కూపర్‌కు ఇదే సైజులో రన్‌ఫ్లాట్ వస్తుంది. గాలి పోయినా గట్టి సైడ్‌వాల్ బండిని కొంత దూరం మోస్తుందనే ధీమా అతనిది. ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద అతని బండి నడిపాను. మలుపులో నా దాని కంటే నిక్కచ్చిగా ఉంది, వెనక ఆ ఆలస్యం లేదు. కానీ అడయారు లోపలి రోడ్ల మీద చెక్క చక్రంలా అనిపించింది. ఒంటరిగా దూరాలు పోయేవాళ్లకు మంచిదే. వెనక మనిషిని కూర్చోబెట్టుకునేవాళ్లకు నేను చెప్పను.

హైవే సుఖం గురించి ఎక్కువ రాయాల్సిన పని లేదు. బాగేపల్లి దాటి పెనుకొండ, అనంతపురం, గుత్తి మీదుగా హైదరాబాద్ దాకా 44వ జాతీయ రహదారి మీద ఈ టైరు కోసమే బండి పుట్టిందేమో అనిపిస్తుంది. పక్కగాలికి కదలదు. లారీ దాటేటప్పుడు ఊగదు. బ్రేకు వేస్తే గీత గీసినట్టు ఆగుతుంది. అసలు లాభం ఇంకోటి ఉంది. గుత్తి దగ్గర రాత్రి టైరు పక్క చీలితే 180/60ఆర్16 కోసం బండిని ట్రక్కు ఎక్కించి ఇంటికి రావడం తప్ప దారి లేదు. ఐ20 టైరు అనంతపురంలో ఏ పెద్ద షాపులోనైనా దొరుకుతుంది. ఈ బండి వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ ఒక పక్కే ఉంటుంది, చక్రం కారు చక్రంలా నట్లు విప్పితే ఊడి వస్తుంది. షాపువాడికి కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు.

ముందు చక్రం సంగతి కూడా అడుగుతుంటారు. కొందరు వెనక బైకు టైరునే ముందు చక్రానికి బాణం గుర్తు తిరగేసి ఎక్కిస్తారు. బ్రిడ్జ్‌స్టోన్ బీటీ-45 అనే వెనక టైరు 130/70-18 సైజులో వచ్చేది, అది గోల్డ్‌వింగ్ ముందు చక్రానికి సరిపోతుంది. ముందు చక్రం మీద ప్రధానంగా పడేది బ్రేకు బలం, వెనక చక్రం మీద ఇంజిను బలం. ఆ రెండూ టైరును వ్యతిరేక దిశల్లో లాగుతాయి కాబట్టి తిరగేస్తారు. నేను దాని జోలికి పోలేదు. దారి చూపించే చక్రంతో ఆటలు నాకు ఇష్టం లేదు. ముందు ఎప్పుడూ అసలు సైజు మోటార్‌సైకిల్ టైరే.

చట్టం మాట. మన దేశంలో రెండు, మూడు చక్రాల బండ్ల టైర్లకు ఐఎస్ 15627, కార్ల టైర్లకు ఐఎస్ 15633 అని వేర్వేరు ప్రమాణాలున్నాయి. బండి తయారుచేసినవాళ్లు గానీ, టైరు తయారుచేసినవాళ్లు గానీ ఈ పెళ్లిని ఒప్పుకోరు. రేపు ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు టైరు పక్కన ఉన్న అక్షరాలు చదివి క్లెయిము ఆపేయవచ్చు. నన్ను ఇంతవరకు ఏ పోలీసూ ఆపలేదు, సర్వీసులో ఒక మెకానిక్ మాత్రం ఈ చక్రం తాను ముట్టుకోనన్నాడు. అది అతని హక్కు. ఈ రిస్కు మీద మీకు మనసు ఒప్పకపోతే టైరు ఎంత బాగుందన్నది అనవసరం.

బండి మొదలుపెట్టి రెండేళ్లు కూడా కానివాళ్లు, వారమంతా సిటీలో నడిపి ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్ ఎక్కి దిగేవాళ్లు ఇది వేయించుకోవద్దు. మీకు దీని సుఖం అందదు, బాధ మాత్రం రోజూ అందుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు ఐదారు వందల కిలోమీటర్లు ఏకబిగిన పోయేవాళ్లయితే ఆలోచించండి.

నా టైరులో ఇంకా మూడు మిల్లీమీటర్లకు పైగా గాడి మిగిలింది, మార్చాల్సిన గుర్తు 1.6 దగ్గర. అరుగుదల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమానంగా ఉంది. అది అయిపోయాక మళ్లీ ఇదే సైజు వేయిస్తాను, ఈసారి భుజం కొంచెం గుండ్రంగా ఉన్న మోడల్ వెతికి. ఈలోగా ఆఫీసుకు బండి మీద వెళ్లాల్సిన ఉద్యోగం వస్తే మాత్రం, ఎన్ని నెలలు ఆగాల్సి వచ్చినా 180/60 తెప్పించుకుంటాను.