షాంఘైలో బస: పుడాంగా, పుషీనా?

షాంఘై వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది హువాంగ్‌పు నదికి ఏ గట్టున దిగాలన్నదే. తూర్పున పుడాంగ్, పడమర పుషీ.

చూడ్డానికి: 1990లో అభివృద్ధి మొదలయ్యేదాకా పుడాంగ్‌లో చాలావరకు పొలాలు, గోదాములే, ఇప్పుడక్కడ 632 మీటర్ల షాంఘై టవర్. కానీ ఆ మేడల వరస బాగా కనిపించేది పుషీ వైపు, నది ఒడ్డున నడిచే బండ్ అనే దారి నుంచి. పుడాంగ్‌లో ఉంటే మిగిలేది మెడ నొప్పే.

నడవడానికి: పుడాంగ్‌లోని లుజియాజుయ్‌లో ఎదురుగా ఉన్న బిల్డింగ్‌కి వెళ్లాలన్నా పైవంతెన ఎక్కి దిగాలి. పుషీలో సందు తిరిగితే రాతి గుమ్మాల పాత ఇళ్లు, వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు, పక్కనే కాఫీ షాపు. ఇలాంటి వాడలు ఇప్పటికే చాలా కూల్చేశారు.

ఖర్చు: లుజియాజుయ్ బ్యాంకుల పేట, హోటళ్లు ఖరీదే. పుషీలో అన్ని రేట్లవీ దొరుకుతాయి. నది దాటడానికి మెట్రో ఉంది, లేదంటే 2 యువాన్ల ఫెర్రీ (నా ఓటు దీనికే).

రిస్క్: ఏ గట్టునైనా ఒకటే. చెల్లింపులు దాదాపు అన్నీ ఫోన్‌తోనే, కాబట్టి అలీపే అనే చెల్లింపుల యాప్ బయల్దేరకముందే పెట్టుకోండి, పవర్ బ్యాంక్ మర్చిపోకండి.

ఆఫీసు పని మీదో, తెల్లారుజామున పుడాంగ్ ఎయిర్‌పోర్టులో ఫ్లైట్ ఉండో వెళ్తే పుడాంగ్. మొదటిసారి ఊరు చూడ్డానికైతే పుషీయే.