పెద్ద నంబర్ ప్రైమా కాదా: చేత్తో తేల్చడానికి ఏ పద్ధతి మేలు?

రైల్వే, బ్యాంక్ పరీక్షలకి ప్రిపేరయ్యే మా రాయగడ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే డౌట్ ఇది, ఆరంకెల నంబర్ ఇచ్చి ప్రైమా కాదా అంటే భాగహారాలు చేసుకుంటూ పోవాలా, ఫెర్మా వర్గాల పద్ధతి పట్టుకోవాలా, లేకపోతే ఆ 2 పవర్ టెస్టా (2ని నంబర్ కంటే ఒకటి తక్కువ పవర్‌కి పెంచి, ఆ నంబర్‌తో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటం) అని. మన పిన్‌కోడ్ల మీదే చూద్దాం: రాయగడ 765001, బరంపురం 760001, జయపురం 764001.

ఫెర్మా పద్ధతి చూడ్డానికి భలే ఉంటుంది. నంబర్ కంటే కాస్త పెద్ద వర్గంలోంచి నంబర్ తీసేస్తే మిగిలింది కూడా వర్గమే అయితే కారణాంకాలు దొరికిపోయినట్టే. 8051కి 90 వర్గం 8100, తేడా 49 అంటే 7 వర్గం, కాబట్టి (90 − 7) × (90 + 7) = 83 × 97, ఒక్క దెబ్బకి ఐపోయింది. అదే రాయగడకి పెట్టండి, 875 వర్గం 765625, తేడా 624. అయ్యో, ఇంకొక్కటి ఉంటే 25 వర్గం అయ్యేది! ఆ ఆశతో 876, 877 అంటూ పోతే చివరికి 6301 దగ్గర దొరుకుతుంది, ఐదు వేల పైచిలుకు వర్గాలు అన్నమాట. ఎందుకంటే 765001 = 61 × 12541, ఆ రెండింటి మధ్య ఆమడ దూరం. దగ్గరదగ్గర కారణాంకాలుంటేనే ఇది పనిచేస్తుంది, ఆ సంగతి ముందే తెలిస్తే ఇంక లెక్కెందుకు.

భాగహారం అంటే వర్గమూలం దాకా, అంటే రాయగడకి 874 లోపు 150 ప్రైమ్‌లు చూడాలి కదా అని భయపడతారు. నా లెక్కలో అసలు విషయం వేరే, నంబర్లని ఎక్కువగా పడగొట్టేది చిన్న ప్రైమ్‌లే, 2, 3, 5, 7 ఈ నాలుగే వందకి 77 నంబర్లని తీసేస్తాయి. పైగా 1001 = 7 × 11 × 13 కాబట్టి మొదటి మూడంకెల్లోంచి చివరి మూడంకెలు తీసేసి మిగిలినదాన్ని చూస్తే చాలు, మూడు ప్రైమ్‌లూ ఒకేసారి తేలిపోతాయి. జయపురం అంకెల మొత్తం 18, సో 9తోనే పోయింది, 764 − 1 = 763 = 7 × 109 కాబట్టి 7 కూడా ఉంది. బరంపురానికి 759, అది 11 × 69. భాగిస్తే 69091, మళ్లీ 11తో 6281, మళ్లీ 11తో 571! 760001 అంటే 11 × 11 × 11 × 571, నాకు భలే నచ్చిన పిన్‌కోడ్ ఇది. రాయగడకి 764, మూడింట్లో ఏదీ పోదు, 17 నుంచి 61 దాకా పన్నెండు భాగహారాలు, అంతే.

2 పవర్ టెస్ట్ కంప్యూటర్‌కి ఓకే, పేపర్ మీద కాదు. 341 = 11 × 31 కూడా అందులో పాసైపోతుంది, ఫెయిలైనా కారణాంకం ఏంటో చెప్పదు. ఫోన్ యాప్‌లు పరీక్ష హాల్లోకి రానివ్వరు.

61 దాకా ఏదీ పడకపోతే అప్పుడు ఫెర్మా రెండు మూడు అడుగులు వేసి చూడండి, అప్పటికీ దొరక్కపోతే వదిలేసి తర్వాతి ప్రశ్నకి పొండి, నెగటివ్ మార్కులుంటాయి.