వాట్సాప్ గ్రూపా, ఇన్‌స్టానా: ఎవరికి ఏది మేలు?

మా బావకి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. నేను నెల్లూరులో ఒక షాపులో లెక్కలు రాస్తాను. ఇద్దరివీ ఒకే రకం ఫోన్లు, వాడకంలో మాత్రం ఉప్పూ కప్పురం తేడా. ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి వెళ్తే, బావ స్వర్ణాల చెరువులో కాలు పెట్టకముందే ఇన్‌స్టాలో లైవ్ మొదలెడతాడు. రొట్టె ఇచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషి సాయంత్రానికి ఆయన ఫ్రెండు. నేనూ ఒక ఫొటో తీశాను. కింద రెండు ముక్కలు రాసి, చెరిపి, మళ్లీ రాసి, చివరికి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

బిడియస్తులకి నెట్ వరమని చాలామంది అనుకుంటారు. అమెరికాలో రాబర్ట్ క్రౌట్ బృందం 2002లో అచ్చేసిన పరిశోధనలో మాత్రం, కలుపుగోలు మనుషులకే నెట్ వల్ల మేలు కనపడింది. ముడుచుకునే వాళ్లలో ఒంటరితనం పెరిగింది. అప్పటికి ఫేస్‌బుక్కే లేదు. అయినా నన్ను చూసి రాసినట్టే ఉంది.

అందుకే నా మట్టుకు ఇన్‌స్టా కంటే వాట్సాపే మేలు. అదీ చిన్న గ్రూపయితేనే. ఇప్పుడు ఒక్క గ్రూపులో 1024 మంది దాకా పడతారు. అంతమందిలో నోరు విప్పడం నాకు ట్రంకు రోడ్డు మీద మైకు పట్టుకున్నంత టెన్షన్. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఏమీ ఉండవు, మ్యూట్‌లో పెట్టాను. ఇంటర్ స్నేహితుల గ్రూపులో ఉన్నది పద్నాలుగు మందిమే.

బావకి ఇన్‌స్టా సరిపోతుంది, కాదనను. కానీ మనిషి ఒకటే అయినా ఫోన్ తీసే కారణం మారితే కథ మారుతుంది. ఒక పంటలో, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే రొయ్యల తలల మీద తెల్ల మచ్చలు, పంటంతా ఊడ్చేసే జబ్బు. ఆ ఫొటో రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, నీళ్లు మార్చొద్దని ఒకరు, పట్టుబడి చేసేయమని, అంటే రొయ్యలన్నీ వెంటనే పట్టేయమని ఒకరు, ఐదు నిమిషాల్లో ఆరు జవాబులు. అదే వారం ఇన్‌స్టాలో నవ్వుతూ రీల్స్ పెట్టాడు. రాత్రి రెండింటికి, గుంట నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడానికని లేచి, గట్టు మీద కూర్చుని వ్యూస్ లెక్కపెట్టుకునేవాడని అక్క చెప్పింది. నలుగురిని కలవడానికి తెరిచే యాప్‌ని నష్టం మర్చిపోవడానికి తెరిచాడు. అలాంటప్పుడు ఎంత కలుపుగోలు మనిషికైనా ఇన్‌స్టా మంచిది కాదనే అంటాను. ‘అదొక్కటే కదరా నాకు కాలక్షేపం’ అంటాడాయన.

నా రొట్టె ఫొటో చివరికి ఆ పద్నాలుగు మంది గ్రూపులో పెట్టాను. ‘ఏ రొట్టె పట్టావురా?’ అని అడిగారు. ఆరోగ్య రొట్టె అన్నాను. ‘అమ్మకి ఎట్టుంది?’ అంటూ కావలి నుంచి ఒకడు ఫోనే చేశాడు.